ఉమ్మడి సర్వర్‌లో ఫైళ్లు ఎవరు చెరిపారు? కమాండ్ల చిట్టా ఆధారంగా ఒక దర్యాప్తు

నేను చూసుకునే లైనక్స్ సర్వర్లలో ఒకదాన్ని 38 మంది వాడతారు. ఎవరి లాగిన్ వారికి ఉన్నప్పటికీ, పెద్ద ఫైళ్లతో పని చేసేవారి సౌకర్యం కోసం ఒక ఉమ్మడి తాత్కాలిక డైరెక్టరీ పెట్టాము. అందులో ఒక్కో బృందానికి ఒక్కో ఫోల్డర్ ఉంటుంది. ఆ బృందంలోని వారెవరైనా అందులో రాయవచ్చు, ఎవరైనా చెరపవచ్చు. ఒక బుధవారం ఉదయం ఒక బృంద నాయకుడు నా దగ్గరికి వచ్చి, తమ ఫోల్డర్‌లో ఉండాల్సిన దాదాపు 2 లక్షల ఫలితాల ఫైళ్లు ముందు రోజు మధ్యాహ్నానికీ సాయంత్రానికీ నడుమ మాయమయ్యాయని చెప్పారు. ఆయన ఊరికే రాలేదు, చేతిలో ఒక కాగితం పట్టుకొని వచ్చారు. అది ఆ బృందంలోని జూనియర్ ఇంజినీరు బాష్ హిస్టరీ, అంటే బాష్ అనే షెల్‌లో (మనం టైప్ చేసే కమాండ్లను అందుకొని నడిపే ప్రోగ్రాం) అతను కొట్టిన కమాండ్ల జాబితా. అందులో మూడు వరుసలకు పసుపు రంగు పూసి ఉంది. మొదటి వరుసలో సీడీ కమాండ్‌తో ఉమ్మడి ఫోల్డర్‌లోకి వెళ్లడం, రెండో వరుసలో అక్కడున్న ఫైళ్ల పేర్లు చూపే ఎల్ఎస్, మూడో వరుసలో, ఉన్న చోటి ఫైళ్లూ ఫోల్డర్లూ అన్నింటినీ అడగకుండా చెరిపేసే ఆర్ఎమ్ మైనస్ ఆర్ఎఫ్ స్టార్.

"ఇంతకంటే రుజువేం కావాలండీ?" అన్నారాయన.

ఆయన వెనక నిలబడ్డ ఆ జూనియర్ కుర్రాడు మెల్లగా, "నేను అది నా టెస్ట్ ఫోల్డర్‌లోనే కొట్టాను సార్" అన్నాడు. ఆ మాట అంతకుముందే చాలాసార్లు చెప్పి, ఎవరూ పట్టించుకోక విసిగిపోయిన గొంతు అది.

ఆ కాగితాన్ని చూసినప్పుడు నాక్కూడా మొదట నమ్మబుద్ధి వేసింది. ఆ సంగతి దాచకుండా రాస్తున్నాను, ఎందుకంటే ఈ కేసులో తర్వాత చేసిన పనంతా ఆ మూడు వరుసలు నిజంగా ఏం చెబుతున్నాయి, ఏం చెప్పడం లేదు అని తేల్చుకోవడమే.

హిస్టరీ ఫైల్ అనేది ఎవరి రాత

బాష్ హిస్టరీ సర్వర్ రాసే లాగ్ కాదు. యూజర్ మళ్లీ టైప్ చేసుకునే శ్రమ తప్పించడానికి షెల్ తన వద్ద ఉంచుకునే జాబితా అది. షెల్ మామూలుగా కమాండ్లను మెమరీలో దాచి, ముగిసేటప్పుడు యూజర్ హోమ్ డైరెక్టరీలోని ఫైల్‌లోకి రాస్తుంది. అదనంగా ఏదీ అమర్చకపోతే 500 వరుసలే నిలుస్తాయి. ఆ ఫైల్ యూజర్ సొంతం కాబట్టి దాన్ని అతను దిద్దవచ్చు, చెరపవచ్చు. సమయ ముద్ర కోసం ఉన్న హిస్ట్‌టైమ్‌ఫార్మాట్ అమర్చి ఉంటే తప్ప ఏ కమాండ్ ఎప్పుడు నడిచిందో అందులో ఉండదు. నా ముందున్న కాగితంలో సమయాలు లేవు. పైన ఒకటి, కింద ఒకటి ఉన్నాయి కాబట్టి ఆ క్రమంలోనే, ఒకే చోట నడిచాయని మనమే అనుకుంటున్నాము.

కుర్రాడి అనుమతితో అతని సెట్టింగుల ఫైల్ తెరిచి చూశాను. ప్రతి ప్రాంప్ట్‌కు (షెల్ తర్వాతి కమాండ్ కోసం చూపే గుర్తు) ముందు హిస్టరీ మైనస్ ఏ నడిచేలా ఒక వరుస ఉంది. ఎవరో చెప్పగా చేర్చుకున్నాడట. దీనివల్ల ప్రతి కమాండ్ అప్పటికప్పుడే ఫైల్‌లో పడుతుంది. ఒకే టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే విండో) వాడేవారికి ఇది మేలు చేసే అలవాటే. రెండు టెర్మినళ్లు తెరిచి అటూ ఇటూ మారుతూ పని చేసేవారికి మాత్రం రెండింటి కమాండ్లూ ఒకే ఫైల్‌లో ఒకదాని నడుమ ఒకటి చేరి, అసలు ఎక్కడా నడవని మూడో కథ ఒకటి తయారవుతుంది. ఒక టెర్మినల్‌లో కొట్టిన సీడీ కిందనే, మరో టెర్మినల్‌లో వేరే ఫోల్డర్‌లో కొట్టిన ఆర్ఎమ్ వచ్చి కూర్చోవచ్చు. అలా జరగవచ్చు అన్నంత మాత్రాన ఆ రోజు అలాగే జరిగిందని చెప్పలేము. దానికి యూజర్ చేయి పడని చిట్టా ఒకటి కావాలి.

కెర్నల్ రాసే పద్దు

ఆ సర్వర్‌లో ప్రాసెస్ అకౌంటింగ్ నడుస్తూ ఉంది, అంటే నడిచిన ప్రతి ప్రోగ్రాం (ప్రాసెస్) గురించీ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్ ఒక పద్దు రాసిపెట్టే ఏర్పాటు. అది కొత్త సదుపాయమేమీ కాదు. 1979లో వచ్చిన యూనిక్స్ ఏడో వెర్షన్‌లోనే ఆక్ట్ అనే సిస్టమ్ కాల్ (కెర్నల్‌ను పని అడిగే పిలుపు) ఉంది. ఆ పద్దులను మనిషి చదవగలిగేలా చూపే లాస్ట్‌కామ్ కమాండ్ బర్క్‌లీ వారి యూనిక్స్ రూపమైన 3.0 బీఎస్‌డీలో చేరింది. ఒక్క యంత్రాన్ని ఎంతోమంది పంచుకున్న ఆ కాలంలో ఎవరు ఎంత కంప్యూటర్ కాలం వాడుకున్నారో లెక్క కట్టడం ఒక అవసరం, పేరులోనే ఆ లెక్క ఉంది. ప్రతి ప్రాసెస్ ముగిసినప్పుడు కెర్నల్ ఒక పద్దు రాస్తుంది. ఇప్పటి లైనక్స్‌లో మూడో రూపం వాడితే ఒక్కో పద్దు 64 బైట్లు. అందులో కమాండ్ పేరు, యూజర్ సంఖ్య, టెర్మినల్, మొదలైన సమయం, వాడుకున్న సీపీయూ కాలం, మెమరీ, ప్రాసెస్ సంఖ్య, దాన్ని పుట్టించిన ప్రాసెస్ సంఖ్య, కొన్ని గుర్తులు ఉంటాయి.

లెక్క కోసం పుట్టిన పద్దు కాబట్టి లెక్కకు అక్కరలేనిది అందులో లేదు. ఆర్ఎమ్ నడిచిందని ఉంటుంది. దేన్ని చెరిపిందో ఉండదు, ఎందుకంటే కమాండ్ వెనక రాసే ఆర్గ్యుమెంట్లు నమోదు కావు. సీడీ అసలు కనబడదు, ఎందుకంటే అది షెల్ తనలో తాను చేసుకునే పని, దానికంటూ వేరే ప్రాసెస్ పుట్టదు. మళ్లింపు గుర్తు (>) ఒక్కటి పెట్టి ఒక ఫైల్‌ను ఖాళీ చేస్తే దాని జాడ కూడా ఉండదు. యూజర్ పేరు కూడా పద్దులో ఉండదు, సంఖ్యే ఉంటుంది. మనం చూసే క్షణంలో ఆ సంఖ్య ఎవరిదైతే వారి పేరు తెరపై వస్తుంది. పాత యూజర్‌ను తీసేసి అదే సంఖ్యను కొత్తవారికి ఇచ్చిన సర్వర్లలో ఇది నిరపరాధిని ఇరికించగలదు. మాకు ఆ చిక్కు లేదని ముందే సరిచూసుకున్నాను.

మంగళవారం పద్దులు అర్ధరాత్రి మార్పిడిలో పాత ఫైల్‌లోకి వెళ్లిపోయాయి కాబట్టి, లాస్ట్‌కామ్‌కు ఆ పాత ఫైల్ పేరు ఇచ్చి వెతకాల్సి వచ్చింది. మొదటిసారి తొందరలో కుర్రాడి యూజర్ పేరూ, ఆర్ఎమ్ అనే పేరూ పక్కపక్కనే ఇచ్చాను. కొన్ని వేల వరుసలు వచ్చిపడ్డాయి. గ్నూ వారి లాస్ట్‌కామ్ ఇచ్చిన మాటల్లో ఏ ఒక్కటి సరిపోయినా ఆ వరుసను చూపుతుంది. అన్నీ సరిపోయినవే కావాలంటే స్ట్రిక్ట్ మ్యాచ్ అనే ఐచ్ఛికాన్ని విడిగా అడగాలి. ఈ ఒక్క విషయం తెలియక, అందరి ఆర్ఎమ్ వరుసలనూ ఒక్కరి ఖాతాలో వేసి చూసినవారు నాకు తెలుసు.

సరిగ్గా అడిగాక కుర్రాడి పేరిట ఆ రోజుకు మూడే ఆర్ఎమ్ పద్దులు మిగిలాయి. రెండు ఉదయం 10 గంటలకు ముందువి. మూడోది 11:42కి మొదలైంది, టెర్మినల్ సంఖ్య 7. దానికి పైన, హిస్టరీ కాగితంలో పసుపు రంగు పూసిన ఎల్ఎస్ కోసం చూస్తే, అది 11:41కి నడిచింది, టెర్మినల్ సంఖ్య 4. రెండు వరుసలూ రెండు వేర్వేరు టెర్మినళ్లవి. ఉమ్మడి ఫోల్డర్‌లోకి వెళ్లిన సీడీ పద్దుల్లో లేకపోయినా, దాని వెంటనే ఆ ఫోల్డర్‌ను చూడటానికి కొట్టిన ఎల్ఎస్ నాలుగో టెర్మినల్‌ను పట్టిచ్చింది. చెరిపిన ఆర్ఎమ్ ఏడోదానిలో ఉంది.

అదే పద్దులో ఇంకొక అంకె ఉంది. ఆ ఆర్ఎమ్ వాడుకున్న సీపీయూ కాలం 0.00 సెకన్లు. అకౌంటింగ్ సీపీయూ కాలాన్ని సెకనులో 100వ వంతుల్లో, 16 బిట్లలో కుదించి రాస్తుంది. అందులో 13 బిట్లు అంకెకు, 3 బిట్లు ఘాతానికి పోతాయి కాబట్టి 81.91 సెకన్ల వరకు అంకె సరిగ్గా ఉంటుంది, ఆ పైనే సవరింపు మొదలవుతుంది. అంటే ఇక్కడ 0.00 అన్నది సవరించిన అంకె కాదు. 2 లక్షల ఫైళ్లను చెరిపే ప్రాసెస్ సెకనులో 100వ వంతు కంటే తక్కువ కాలంలో ముగుస్తుందా? ఊహతో వదిలేయకుండా, ఒక పరీక్షా యంత్రంలో 2 లక్షల చిన్న ఫైళ్లు తయారు చేసి ఆర్ఎమ్‌తో చెరిపి చూశాను. ఎన్నిసార్లు చేసినా సీపీయూ కాలం ఒక సెకను కిందికి రాలేదు. కుర్రాడి టెస్ట్ ఫోల్డర్ మార్పు సమయం కూడా 11:42 అనే ఉంది. బృంద నాయకుడికి ఈ మూడు విషయాలూ వరుసగా చూపించాను. ఆయన ఒప్పుకున్నారు. ఒప్పుకొని వెంటనే, "మరైతే ఎవరు?" అన్నారు.

చెరిపిన చోటును చూడటం

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పాలి. ఇంత సేపూ నేను మనుషుల చిట్టాలు చదువుతూ కూర్చున్నానే గానీ, ఫైళ్లు పోయిన ఫోల్డర్‌ను తెరిచి చూడలేదు. అన్నీ పోయాయని వారు చెప్పిన మాటనే పట్టుకున్నాను. తెరిచి చూస్తే అన్నీ పోలేదు. లోపలి ఉప ఫోల్డర్లు వందకు పైగా ఎక్కడివక్కడే, ఖాళీగా, నిలిచి ఉన్నాయి. నాలుగు చిన్న టెక్స్ట్ ఫైళ్లు కూడా మిగిలి ఉన్నాయి. అవి ఆ బృందం సోమవారం నాడు రాసుకున్న గమనికలట. ఆర్ఎమ్ మైనస్ ఆర్ఎఫ్ స్టార్ నడిస్తే ఫోల్డర్ల అస్థిపంజరం మిగలదు, కొత్త గమనికలను వదిలి పాత ఫలితాలను మాత్రమే ఏరుకొని చెరపదు. అంటే చెరిపింది ఏదైనా, ఫైళ్ల తేదీని చూసి చెరిపింది. ఈ ఒక్క చూపు ముందే చూసి ఉంటే కుర్రాడి సంగతి పది నిమిషాల్లో తేలిపోయేది.

ఫోల్డర్ల మార్పు సమయాలు ఇంకో సంగతి చెప్పాయి. ఒక ఫోల్డర్‌లోని చివరి ఫైల్ చెరిగినప్పుడు ఆ ఫోల్డర్ మార్పు సమయం ఆ క్షణానికి మారుతుంది. ఉప ఫోల్డర్లను సమయం ప్రకారం వరుసగా పేర్చితే మొదటిది 13:00కి, చివరిది 13:08కి. మధ్యలోవి కొన్ని సెకన్ల తేడాలతో ఒకదాని వెనక ఒకటి. ఎవరో ఊడ్చుకుంటూ పోయినట్టు ఉంది.

కాబట్టి 13:00 చుట్టుపక్కల లాస్ట్‌కామ్ ఏం చెబుతుందో చూడాలి. చూస్తే అక్కడ ఏమీ లేదు. 12:56 దాకా నిమిషానికి పదుల కొద్దీ పద్దులు, ఆ తర్వాత నిశ్శబ్దం, మళ్లీ 13:04 నుంచి పద్దులు. 38 మంది వాడే సర్వర్‌లో ఎనిమిది నిమిషాలపాటు ఒక్క ప్రాసెస్ కూడా ముగియకపోవడం అసంభవం. సరిగ్గా మనకు కావలసిన చోటే చిట్టాలో పేజీ చిరిగి ఉంటే ఎవరికైనా వచ్చే ఆలోచన నాకూ వచ్చింది: రూట్ అధికారం (సర్వర్‌పై పూర్తి అధికారం) ఉన్నవారెవరో అకౌంటింగ్‌ను ఆపి, పని ముగించుకొని, తిరిగి మొదలుపెట్టారా? ఆ రోజు సుడో (రూట్ అధికారంతో కమాండ్లు నడిపించే సాధనం) ద్వారా రూట్ షెల్ తెరిచినవారు ఇద్దరున్నారు. సుడో లాగ్‌లో షెల్ తెరిచినట్టు మాత్రమే ఉంటుంది. ఒకసారి ఆ షెల్‌లోకి వెళ్లాక లోపల ఏం చేశారో సుడోకు తెలియదు. ఆ ఇద్దరిలో ఒకరు నా సహోద్యోగి, మరొకరు నేను. ఆ అరగంట హాయిగా గడవలేదు.

విరామం

జవాబు కెర్నల్ లాగ్‌లో ఉంది. 12:56కి ప్రాసెస్ అకౌంటింగ్ ఆగిందని ఒక వరుస, 13:04కి తిరిగి మొదలైందని ఇంకొక వరుస. రెండింటినీ రాసింది కెర్నలే, ఎవరూ ఏ కమాండూ కొట్టలేదు.

లైనక్స్ కెర్నల్‌కు అకౌంటింగ్ విషయంలో మూడు అంకెల అమరిక ఒకటి ఉంది, మనం మార్చకపోతే 4, 2, 30. పద్దుల ఫైల్ ఉన్న ఫైల్ సిస్టమ్‌లో, అంటే డిస్క్ భాగంలో, ఖాళీ జాగా 2 శాతానికి పడిపోతే అకౌంటింగ్ ఆగుతుంది. 4 శాతానికి చేరితే తిరిగి మొదలవుతుంది. ఈ పరీక్షకూ పరీక్షకూ నడుమ 30 సెకన్ల ఎడం ఉంటుంది. డిస్క్ నిండిపోతున్నప్పుడు పద్దులు రాసి ఇంకా నింపకుండా ఉండటానికి పెట్టిన జాగ్రత్త ఇది. మా సర్వర్‌లో పద్దుల ఫైలూ, ఉమ్మడి తాత్కాలిక డైరెక్టరీ ఒకే ఫైల్ సిస్టమ్‌లో ఉన్నాయి. అలా ఉంచింది మేమే. ఆ మధ్యాహ్నం డిస్క్ నిండింది, పద్దులు ఆగాయి. ఏదో చాలా ఫైళ్లను చెరిపింది, జాగా దొరికింది, పద్దులు మళ్లీ మొదలయ్యాయి. అంటే మేము వెతుకుతున్న చెరిపివేతే చిట్టాకు తిరిగి ప్రాణం పోసింది.

అప్పుడు ఒక విషయం తట్టింది. కెర్నల్ పద్దు రాసేది ప్రాసెస్ మొదలైనప్పుడు కాదు, ముగిసినప్పుడు. లాస్ట్‌కామ్ చూపే సమయం మాత్రం మొదలైన సమయం. కాబట్టి విరామంలో మొదలై విరామం ముగిశాక ఆగిన ప్రాసెస్ ఏదైనా ఉంటే దాని పద్దు తప్పకుండా ఉండాలి. 13:04 వరుసల దగ్గర కాదు, అది ముగిసిన చోట, క్రమం తప్పిన సమయంతో ఉండాలి. ఉప ఫోల్డర్లలో చివరిది 13:08కి మారింది కదా, 13:08, 13:09 వరుసల నడుమ చూశాను. ఫైండ్ (ఫైళ్లను వెతికే కమాండ్), రూట్, టెర్మినల్ స్థానంలో రెండు కింది గీతలు, 9.41 సెకన్లు, మొదలైన సమయం 13:00. ముందు రోజు నుంచీ ఆ వరుస అక్కడే ఉంది. లాస్ట్‌కామ్‌లో సమయాలు ముందువెనకలుగా ఉండటం మామూలే కాబట్టి కన్ను దాన్ని దాటేసింది. పైగా నేను వెతుకుతున్నది ఆర్ఎమ్ కోసం. ఫైండ్‌కు డిలీట్ అనే ఐచ్ఛికం ఇస్తే అది ఆర్ఎమ్‌ను పిలవదు, తానే చెరుపుతుంది.

టెర్మినల్ స్థానంలో కింది గీతలున్నాయంటే ఆ ప్రాసెస్‌కు టెర్మినలే లేదు, అంటే మనిషి కూర్చొని కొట్టిన కమాండ్ కాకపోవడానికే ఎక్కువ అవకాశం. పక్కన ఎస్ గుర్తు సూపర్ యూజర్ (రూట్) అధికారాన్ని వాడుకుందని చెబుతుంది. పద్దులను పూర్తి వివరంతో చూపే డంప్-ఆక్ట్ అనే ఇంకో సాధనంతో ఆ ఫైండ్‌ను పుట్టించిన ప్రాసెస్ సంఖ్య తీసుకొని, ఆ సంఖ్య గల పద్దును వెతికాను. ఫైండ్ ముగిసిన తర్వాతి క్షణంలోనే ఒక స్క్రిప్ట్ (కమాండ్ల వరుస రాసిన ఫైల్) ముగిసింది, దాని వెనక ఒక షెల్, దాని వెనక, పనులను నిర్ణీత సమయాలకు నడిపే క్రాన్. పిల్ల ముందు, తల్లి వెనక, తాత ఆ తర్వాత. ముగిసిన క్రమంలోనే పద్దులు పడతాయి.

స్క్రిప్ట్ పేరు చూసి నిట్టూర్చాను. అది మా బృందం రాసినదే. కానీ ఏది? కెర్నల్ కమాండ్ పేరులో మొదటి 15 అక్షరాలనే ఉంచుకుంటుంది, పద్దులోనూ అంతే పడుతుంది. మా దగ్గర శుభ్రం చేసే స్క్రిప్టులు రెండు. ఒకటి రాత్రి 2 గంటలకు వ్యవస్థ తాత్కాలిక ఫైళ్లను చూసేది, రెండోది ప్రతి పది నిమిషాలకూ లేచి ఉమ్మడి డైరెక్టరీ నిండిందా అని చూసేది. రెండింటి పేర్లూ మొదటి 15 అక్షరాల వరకు ఒకటే. పేరు పెట్టినవాడిని నేనే. చివరికి క్రాన్ లాగ్‌లో 13:00 దగ్గర రెండో స్క్రిప్ట్ పూర్తి దారితో సహా కనిపించింది, సందేహం తీరింది. ఇంకో చిన్న సాక్ష్యం కూడా ఉంది. ఆ స్క్రిప్ట్ లేవగానే డిస్క్ ఎంత నిండిందో చూడటానికి డీఎఫ్ కమాండ్‌ను నడుపుతుంది. ఆ రోజంతా పది నిమిషాలకొకసారి రూట్ పేరిట డీఎఫ్ వరుస ఉంది. 13:00ది మాత్రం లేదు. అది విరామంలో మొదలై విరామంలోనే ముగిసింది.

ఏం జరిగిందంటే

ఉమ్మడి తాత్కాలిక డైరెక్టరీలో, డిస్క్ 95 శాతం దాటినప్పుడు, 90 రోజులకు పైబడిన ఫైళ్లు చెరిగిపోతాయని మా నియమం. అందరికీ చెప్పిన నియమమే. ఆ బృందం గత శుక్రవారం ఒక పాత ఆర్కైవ్‌ను అక్కడ విప్పింది. ఆర్కైవ్ విప్పినప్పుడు ఫైళ్లు తమ పాత మార్పు తేదీలతోనే వస్తాయి. అక్కడికి చేరి నాలుగు రోజులే అయినా, తేదీ ప్రకారం వాటి వయసు నాలుగు నెలలు. స్క్రిప్ట్ చూసేది మార్పు తేదీనే కాబట్టి వాటిని చెత్త కింద లెక్కగట్టింది. సోమవారం రాసిన గమనికల తేదీ కొత్తది కాబట్టి వాటిని ముట్టుకోలేదు. ఎవరూ నియమం తప్పలేదు, ఎవరూ దొంగతనంగా ఏమీ చేయలేదు. స్క్రిప్ట్ మాత్రం తాను చెరిపిన ఒక్క ఫైల్ పేరు కూడా ఎక్కడా రాయలేదు. అది రాసి ఉంటే ఇంత దర్యాప్తు అవసరమే ఉండేది కాదు.

ఆర్కైవ్ భద్రంగా ఉంది కాబట్టి ఫైళ్లు రెండున్నర గంటల్లో తిరిగి వచ్చాయి. బృంద నాయకుడు ముందు రోజు పై అధికారులకు పంపిన ఫిర్యాదులో కుర్రాడి పేరు రాశారు. దాన్ని వెనక్కి తీసుకుంటూ రెండో మెయిల్, అదే జాబితాకు, పంపమని నేను అడిగాను. పంపారు.

ఆ తర్వాత చేసిన మార్పులు ఎక్కువేమీ కావు. స్క్రిప్ట్ ఇప్పుడు ఫైండ్‌కు మార్పు తేదీకి బదులు స్థితి మార్పు తేదీని ఇస్తుంది. కాపీ చేసినా, ఆర్కైవ్ విప్పినా ఈ రెండోది ఆ రోజుదే అవుతుంది, పాతది వెంట రాదు. చెరిపే ప్రతి ఫైల్ పేరూ లాగ్‌లో పడుతుంది. స్క్రిప్టుల పేర్లు మొదటి అక్షరం నుంచే వేరు చేశాము. పద్దుల ఫైల్‌ను వేరే ఫైల్ సిస్టమ్‌కు మార్చాము. అందరి షెల్‌కూ హిస్టరీలో సమయం పడేలా అమర్చాము, అది సాక్ష్యమని కాదు, ఎవరి పని వారికి గుర్తు రావడానికి.

అన్నింటికంటే ఎక్కువ ఆలోచించి చేసింది ఆడిట్ వ్యవస్థ. కొత్త ప్రోగ్రాం మొదలయ్యే ప్రతిసారీ నమోదు చేయమని ఆడిట్‌కు నియమం ఇస్తే, అకౌంటింగ్‌లో లేని ఈ మూడూ అందులో దొరుకుతాయి: ఆర్గ్యుమెంట్లతో సహా మొత్తం కమాండ్, ఏ డైరెక్టరీలో ఉండగా నడిచింది, మొదట లాగిన్ అయిన యూజర్ ఎవరు. ఎస్‌యూ (వేరే యూజర్‌గా మారే కమాండ్) చేసినా, సుడోతో రూట్ అయినా మొదట లాగిన్ అయిన ఆ యూజర్ సంఖ్య మారదు. కుర్రాడి ఆర్ఎమ్‌కు ఇది ఉండి ఉంటే ఏ ఫోల్డర్‌లో కొట్టాడో ఒక్క వరుసలో తేలేది. కానీ దీనికి రెండు వెలలున్నాయి. లాగ్ పరిమాణం చాలా పెరుగుతుంది. రెండోది అంతకంటే ఇబ్బందికరం: కమాండ్ వరుసలోనే పాస్‌వర్డ్ రాసే అలవాటున్నవారి పాస్‌వర్డ్‌లు ఆ లాగ్‌లో చదవగలిగేలా చేరతాయి. మొదటి వారంలోనే మాకు అలాంటివి రెండు కనిపించాయి. ఆ ఇద్దరికీ విడిగా చెప్పి పాస్‌వర్డ్‌లు మార్పించాము. ఆడిట్ లాగ్‌ను చూసే అధికారం ఇద్దరికే ఉంచి, ఎవరి కమాండ్లు చూసినా కారణం రాసిపెట్టే పుస్తకం ఒకటి మొదలుపెట్టాము. ఈ కేసులో కూడా నేను బృంద నాయకుడికి కుర్రాడి రెండు వరుసలూ, రూట్ వరుసలూ తప్ప మిగతా యూజర్ల పద్దులు ఒక్కటీ చూపలేదు. తన బృందంలో ఇంకెవరు ఏం చేశారో చూడాలని ఆయన అడిగారు, కుదరదని చెప్పాను.

ఒక ప్రశ్న మిగిలింది: 12:50కి 94 శాతం ఉన్న డిస్క్ ఆరు నిమిషాల్లో 98 శాతం ఎలా దాటింది? లాస్ట్‌కామ్‌లో ఎంత వెతికినా ఆ నిమిషాల్లో పెద్ద పని చేసిన ప్రాసెస్ దొరకలేదు. అప్పటికి బుధవారం సాయంత్రమైంది. చివరికి పీఎస్ కమాండ్‌తో, ఇంకా నడుస్తున్నవాటిని చూస్తే, వేరే బృందం వారి గణన ప్రోగ్రాం ఒకటి ఆర్గ్యుమెంట్లతో సహా కనబడింది. మొదటి 20 నిమిషాల్లో మధ్యంతర ఫైళ్లన్నీ డిస్క్‌పై పరిచి, ఆ తర్వాత నింపాదిగా లెక్కలు కట్టుకుంటోంది. అది శుక్రవారం ఉదయం 6:12కి ముగిసింది. అప్పుడే దాని పద్దు చిట్టాలో చేరింది, మంగళవారం 12:41 అనే సమయంతో.